ఊపిరికీ ఊపిరికీ మధ్య

మా అన్నయ్య సంగీతకారుడని చెప్పుకోవడం మా బంధువులకి నామోషీ. "ఏం వాయిస్తాడు?" అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఫ్రిజ్ వాయిస్తాడని చెప్పాలా? నిజంగానే ఒకసారి పాత ఫ్రిజ్‌లు వరసగా పెట్టి, వాటి గుర్రుమనే మోతనే గంటసేపు కచేరీ చేశాడు. లిఫ్టు తలుపులు, బస్సు బ్రేకులు, రేకు డబ్బాలు... చెవిన పడ్డదల్లా రికార్డు చేసేవాడు. ఎక్కడెక్కడినుంచో మనుషులు వచ్చి కళ్ళు మూసుకుని వినేవారు.

అమ్మ మాత్రం "మావాడిది కొత్త సంగీతం" అనేది. బాగుంటుందా అని అడిగితే, "నాకు సగమే వినిపిస్తుందిగా, ఆ సగం బాగానే ఉంటుంది" అని నవ్వేది.

అమ్మ చివరి రోజులు వాడి ఫ్లాట్‌లోనే గడిచాయి. నేను బడిలో పాటల టీచర్ని. బడి అవగానే వెళ్ళి, చీకటి పడేదాకా అమ్మ దగ్గర కూర్చునేదాన్ని. రాత్రుళ్ళు మాత్రం వాడివి. "నువ్వెళ్ళి పడుకో, నేను చూసుకుంటాగా" అని నన్ను తరిమేవాడు. వాడి సంగీతం ఎలా ఏడ్చినా, కొడుకంటే వాడే అని నేను ఊరంతా చెప్పుకున్నాను.

అమ్మ పోయిన కొన్నాళ్ళకి కొత్త రచన చేశానని, నన్ను పాడమని పిలిచాడు. స్పీకర్లోంచి ఒక శబ్దం వస్తుంది. పొడుగ్గా, గరగరమంటూ, గాలి లోపలికి పోయి బయటికొస్తున్నట్టు. ఒక గాలికీ ఇంకో గాలికీ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో నేను ఒకే ఒక్క స్వరం పాడి ఆపేయాలి. పోనుపోను ఖాళీలు పొడుగవుతాయి.

"ఏంటన్నయ్యా ఇది?" అని అడిగాను.

"పాత హార్మోనియం తిత్తి. వేగం తగ్గించాను."

నమ్మాను. వాడి గదిలో చిన్న స్పీకర్ ముందు నెల రోజులు సాధన చేశాను.

కచేరీ ఒక ఈత కొలనులో పెట్టాడు. వాడకం మానేసి, నీళ్ళు తోడేసిన కొలను. లోతు తక్కువ వైపు కుర్చీలు. లోతు ఎక్కువ వైపు నేను, నా వెనక మనిషంత ఎత్తు స్పీకర్. తెల్లటి టైల్స్ మధ్య పాచి నల్లగా ఎండిపోయి ఉంది. క్లోరిన్ వాసన ఇంకా వదల్లేదు. పెదవి విప్పితే చాలు, మాట నాలుగు గోడలకీ తగిలి తిరిగొస్తోంది.

సాయంత్రం, జనం రాకముందు ఒకసారి సరిచూసుకుందామన్నాడు. సౌండ్ చూసుకునే అతను బటన్ నొక్కాడు. ఆ పెద్ద స్పీకర్లో మొదటిసారి, గాలి శబ్దం చివర చిన్నగా టిక్కుమనడం విన్నాను. మళ్ళీ గాలి. మళ్ళీ టిక్కు.

అమ్మ కట్టుడుపళ్ళు చివర్లో వదులైపోయాయి. ఊపిరి వదిలినప్పుడల్లా అలాగే టిక్కుమనేవి.

"అన్నయ్యా, ఇది అమ్మ కదూ?"

వాడు కాగితాలు సర్దుతూ, "ఇప్పటికి గుర్తుపట్టావన్నమాట" అన్నాడు.

"రాత్రుళ్ళు నువ్వు చేసింది ఇదా?"

"పక్కనే కూర్చున్నాను. కదలకుండా కూర్చున్నాను. నీకు అంతసేపు కూర్చోవడం వచ్చా?"

"అమ్మ ఏమీ మాట్లాడలేదా?"

"మాట్లాడింది. మాటలు కోసేశాను. మాటలుంటే అది సంగీతం కాదు, ఏడుపు."

"ఏం మాట్లాడింది?"

వాడు మళ్ళీ కాగితాలు సర్దుకోవడంలో పడ్డాడు. సౌండతను తల దించుకుని వైర్లు చుట్టుకుంటున్నాడు. ఆ మాటలు కోసిందెవరో అతని మొహంలోనే తెలిసిపోతోంది.

వెళ్ళిపోదామని మెట్ల దాకా వచ్చాను. కానీ వెనక స్పీకర్లో అమ్మ ఊపిరి నడుస్తూనే ఉంది. నేను వెళ్ళిపోతే ఆవిడ మళ్ళీ వాడితో ఒంటరిగా మిగిలిపోతుందనిపించింది. తిరిగొచ్చి నిలబడ్డాను.

జనం వచ్చారు. కుర్చీలు నిండాయి. దీపాలు తగ్గించారు.

అమ్మ ఊపిరి పీల్చింది. వదిలింది. నేను స్వరం పాడాను. అది గోడలకి తగిలి, సన్నబడి, ఆగిపోయింది. మళ్ళీ అమ్మ. మళ్ళీ నేను. కచేరీ సగానికి వచ్చేసరికి, ఏళ్ళ తరబడి ఇద్దరం ఇలాగే మాట్లాడుకుంటున్నట్టు అనిపించింది. కోపం కూడా కాస్త పలచబడింది.

అప్పుడు ఒక ఖాళీలో, నేను నోరు తెరిచేలోపల...

"పెద్దాడా."

చాలా మెల్లగా. అమ్మ అన్నయ్యని అలాగే పిలుస్తుంది.

అన్నయ్య వైపు చూశాను. కొలను గట్టు మీద నిలబడ్డ వాడి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఇంకో ఊపిరి వచ్చి వెళ్ళింది. నేను పాడలేదు.

"పెద్దాడా... కాసిని నీళ్ళు పొయ్యరా."

అన్నయ్య సౌండతని వైపు తిరిగి, ఆపమని సైగ చేశాడు. అతను రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. మిషను మీద ఒక్క లైటూ వెలగడం లేదు. అప్పటికే ఆపేశాడు. వైరు కూడా పీకేశాడు. దాని కొస అతని కాళ్ళ దగ్గర వేలాడుతోంది.

ఊపిరి ఆగలేదు.

"నాలిక పిడచగట్టుకుపోయిందిరా... ఆ డబ్బా తర్వాత చూసుకుందువుగానీ... ఆ ఎర్ర లైటు ఆర్పరా నాన్నా..."

వాడి రికార్డరుకి ఎర్ర లైటు ఉంటుంది. గ్లాసు చప్పుడు పడితే రికార్డింగు పాడవుతుంది. అందుకే, అది పూర్తయ్యేదాకా, అమ్మ అడుగుతుంటే, వాడు పక్కనే కూర్చున్నాడు. కదలకుండా కూర్చున్నాడు.

"నీళ్ళు..."

ఖాళీలు పొడుగవుతున్నాయి. ఇంకా పొడుగు. ముందు వరసలో ఒకావిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఎవరూ కదలట్లేదు. అందరికీ ఇది కచేరీయే.

నాకోసం పెట్టిన నీళ్ళ సీసా తీసి గ్లాసులో పోశాను. ఆ చప్పుడు కొలనంతా మోగింది. స్పీకర్ దగ్గరికి వెళ్ళి, వంగి, గ్లాసు దాని ముందు పెట్టాను.

"తాగమ్మా" అన్నాను.

స్పీకర్ గుడ్డ నా మొహానికి జానెడు దూరంలో ఉంది. లోపల్నించి వెచ్చటి గాలి తగిలింది. మందుల వాసన.

తర్వాత ఏమీ లేదు.

చాలాసేపటికి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఆ తర్వాత అందరూ లేచి నిలబడ్డారు. చెంగు అడ్డం పెట్టుకున్నావిడ అన్నయ్య చేతులు పట్టుకుని, "ఆ నీళ్ళ గ్లాసు ఆలోచన అద్భుతమండీ. మీకు మాత్రమే వస్తాయి ఇలాంటివి" అంటోంది. అన్నయ్య మొదట వెర్రిమొహం వేశాడు. తర్వాత, నా కళ్ళ ముందే, ఆ మొహం మెల్లగా సర్దుకుంది. "అది రచనలోనే ఉందండీ" అన్నాడు.

జనం వెళ్ళిపోయాక సౌండతను సామాను కూడా సర్దుకోకుండా వెళ్ళిపోయాడు. మేమిద్దరమే మిగిలాం.

"నీళ్ళడిగితే ఇవ్వలేదా అన్నయ్యా?"

"ఇచ్చాను. తర్వాత ఇచ్చాను."

"తర్వాతంటే?"

వాడు మాట మార్చాడు. గొంతు ఆర్చుకుపోయిందంటూ చుట్టూ చూశాడు. వెళ్ళి, స్పీకర్ ముందున్న గ్లాసు ఎత్తాడు.

"అది అమ్మకి పెట్టింది."

"పిచ్చిదానా" అన్నాడు. గటగటా తాగేశాడు.

ఆ రాత్రి నుంచి వాడికి ఆయాసం పట్టుకుంది. పడుకుంటే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందంటాడు. ఆ రచనకి ఎక్కడెక్కడినుంచో పిలుపులు వస్తున్నాయి. వాడు ఒక్కదానికీ వెళ్ళలేకపోయాడు. బిందెలకొద్దీ నీళ్ళు తాగుతాడు. దాహం తీరదు. చివరికి నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. వాడి మీద జాలితో కాదు. అమ్మకున్నది మేమిద్దరమే గనక.

పట్టపగలు. గది నిండా వెలుతురు. డాక్టరు వాడి వీపు మీద స్టెతస్కోపు పెట్టి, "ఊపిరి పీల్చండి... వదలండి... ఇప్పుడు బిగపట్టండి" అన్నాడు.

కాసేపు విని, నుదురు ముడిచాడు. "బిగపట్టమన్నాను."

"బిగపట్టే ఉన్నాడండీ" అన్నాను.

అన్నయ్య పెదాలు గట్టిగా మూసుకుని ఉన్నాయి. మొహం కందిపోతోంది. ఛాతీ కదలట్లేదు. డాక్టరు వాడినీ నన్నూ మార్చి మార్చి చూశాడు. గొట్టాలు చెవుల్లోంచి తీసి నా చేతిలో పెట్టాడు.

విన్నాను.

లోపల ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు. నిదానంగా. తీరిగ్గా. అమ్మ ఊపిరి నాకు తెలుసు, నెల రోజులు దాని పక్కన నిలబడి పాడినదాన్ని.

ఇది అమ్మది కాదు. ఆ గ్లాసు నీళ్ళతోపాటు వాడి లోపలికి వెళ్ళింది ఇంకేదో.

వినేవాళ్ళు మారారని తెలిసినట్టు, అది మధ్యలో ఆగింది...