కష్టం బిళ్ల

"ఇదిగో, ఇక్కడ చూడమ్మా. మళ్లీ పడిపోయింది," అంటూ డాక్టర్ పరాంకుశం తెర మీది గీత మీద వేలు పెట్టాడు.

ఝాన్సీ చూసింది. పగలంతా ఎత్తుగా నడిచిన గీత సాయంత్రం అయ్యేసరికి జర్రున కిందికి జారింది. ఒక్కరోజు కాదు, రోజూ అదే వరస.

"ఆ వేళప్పుడు ఏం చేస్తుంటావు?"

"మెస్సులో అన్నానికి కూర్చుంటానండి. మా అమ్మ ఫోన్ చేస్తుంది."

"ఏమంటుంది?"

"ఏముందండీ, 'తిన్నావేటే' అంటుంది."

"అదన్నమాట," అన్నాడాయన, పోయిన తాళంచెవి దొరికినవాడిలా తృప్తిగా.

ఈ గీత సంగతేమిటో చెప్పకపోతే మీకు అయోమయంగా ఉంటుంది. ఆ రోజుల్లో కాలేజీ చదువుకి సాయం కావాలంటే ఆదాయం సర్టిఫికెట్లు అడగడం మానేశారు. అడిగి అడిగి విసిగిపోయారు పాపం. మేడలూ కార్లూ ఉన్నవాళ్లు కూడా మేం బీదవాళ్లమని కాగితాలు పుట్టించి తెచ్చేవారు. అందుకని పరాంకుశంగారు ఒక బిళ్ల కనిపెట్టాడు. రూపాయి బిళ్లంత ఉంటుంది, చెవి వెనక అంటిస్తారు. మనిషికి దిగులో భయమో పట్టుకుంటే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ ఊరుతుంది. చెమటలో అదెంతుందో కొలిచి ఆ బిళ్ల చదువుసాయం బోర్డుకి పంపుతుంది. కష్టంలో ఉన్నవాళ్లకే సాయం, ఆ కష్టం సంగతి వాళ్ల ఒళ్లే చెప్పాలి. టర్ము సగటు బోర్డు పెట్టిన గీటు కంటే కిందికి దిగిందా, అర్హత పోయినట్టే. పెద్దలంతా భేష్ అన్నారు. పిల్లలు దానికి కష్టం బిళ్ల అని పేరు పెట్టుకున్నారు.

ఝాన్సీది నర్సింగులో ఆఖరి ఏడు. తండ్రి లేడు. తల్లి ఎర్నమ్మ బొబ్బిలిలో కర్రీ పాయింట్ నడుపుతుంది. సాయం ఆగిపోతే చదువూ ఆగిపోతుంది, ఆ పిల్ల వెళ్లి తల్లి పక్కన నిలబడి సాంబారు పొట్లాలు కట్టుకోవడమే.

"మేం నిజంగానే లేనివాళ్లమండి. కావాలంటే మా ఇంటికొచ్చి చూడండి," అంది ఝాన్సీ.

"నీ మాట నేను నమ్ముతానమ్మా. నేను నమ్మి ఏం లాభం? కాగితం అబద్ధం చెబుతుంది, ఇల్లూ చెబుతుంది. ఒళ్లు చెప్పదు. ఇంత హాయిగా ఉన్న పిల్లకి సాయం దేనికని మిషను అడుగుతోంది. టర్ము ఆఖరుకి గీటు దాటకపోతే నేను చెయ్యగలిగిందేం లేదు."

చెడ్డవాడేం కాదు. పిల్ల మొహం చూసి జాలిపడి టీ తెప్పించాడు. ఆ టీ తాగుతుంటే గీత ఇంకాస్త దిగింది.

ఆ సాయంత్రం ఝాన్సీ తల్లికి సంగతంతా చెప్పింది.

"ఓలమ్మ, నా మాటకే పడిపోతందేటి అది?" అని ఎర్నమ్మ ఆశ్చర్యపోయింది. "అలగైతే ఉండు, రేపట్నించి తిడతాను."

తిట్టింది కూడా. "ఒసే సచ్చినదానా, అడ్డగాడిదా, నీ మొకం మండ, తలకి నూని ఎట్టి ఎన్నాళ్లయిందే? పిశాచిలాగ తిరుగుతున్నావు గావాల." చేతిలో గరిటె పట్టుకుని, పక్కన కొనుక్కోడానికి వచ్చినవాళ్లు నవ్వుతుంటే, ఊపిరి తిప్పుకోకుండా తిట్టింది. ఇక్కడ ఝాన్సీకి పొలమారింది. చిన్నప్పుడు బడికి లేపిన తిట్లవి, జడేసిన తిట్లవి. ఆ వైపు తల్లులు ముద్దుచేసినా ఆ మాటలతోనే చేస్తారు. పిల్ల కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వి రెండోసారి అన్నం పెట్టించుకుంది. గీత అంత కిందికి ఎన్నడూ పోలేదు.

"అమ్మా, నువ్వు తిడుతుంటే ఇంకా పడిపోతోందే," అంది మర్నాడు, ఏడుపు గొంతుతో.

ఎర్నమ్మ కొన్నాళ్లు ఫోనే చెయ్యలేదు. బెంగతో గీత కాస్త లేచిందిగానీ గీటు ఇంకా ఎక్కడో పైనుంది.

తర్వాత ఒక సాయంత్రం ఫోన్ మోగింది. ఝాన్సీ కంచం పక్కకి జరిపి ఆత్రంగా తీసింది. అవతల 'తిన్నావేటే' లేదు.

"ఆ దినం నువ్వు జిలేబీ కావాలని ఏడవకపోతే మీ నాన్న వానలో సైకిలు తీసీవోడు కాడు," అంది ఎర్నమ్మ.

 తండ్రిని లారీ గుద్దిన ఏడాదికి, ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఝాన్సీ నా వల్లేనా అమ్మా అని ఒకే ఒక్కసారి అడిగింది. కాదని తల మీద చెయ్యేసి ఒట్టేసింది తల్లి. ఆ రాత్రంతా ఒళ్లో పెట్టుకుని పడుకోబెట్టింది. ఆ మాట మళ్లీ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

"అమ్మా, బిళ్ల కోసమే కదా ఇలా అంటున్నావు?"

"నీ వల్లే పోయాడు," అని ఎర్నమ్మ ఫోన్ పెట్టేసింది.

బిళ్ల కోసమేనని ఝాన్సీకి తెలుసు. బాగా తెలుసు. తెలిసినా ఆ పూట కంచం వదిలేసి లేచింది. రేపు కూడా ఇదే అంటుందని తెలిసి, ఫోన్ తియ్యకపోతే ఫీజు ఉండదని కూడా తెలిసి, మర్నాడు తీసింది. ఆ మర్నాడూ తీసింది. అన్నం వేళయ్యేసరికి ఒళ్లు దానంతటదే వణకడం మొదలుపెట్టేది. గీత పైకి, పైపైకి పోయింది.

టర్ము ఆఖర్లో పరాంకుశం తెర చూసి మురిసిపోయాడు. "చూశావా అమ్మా? నా బిళ్ల ఎవరికీ అన్యాయం చెయ్యదు. నువ్వు నిజంగానే కష్టంలో ఉన్నదానివని తేల్చేసింది. శుభ్రంగా చదువుకో."

చదువుకుంది. ఆ ఏడు మిగిలిన టర్ములు కూడా అలాగే గట్టెక్కింది. పట్టా పుచ్చుకుని బొబ్బిలిలో బస్సు దిగింది. బిళ్ల ఇంకా చెవి వెనకే ఉంది, లెక్కలన్నీ తేలేదాకా పీకకూడదని బోర్డు రూలు.

ఎర్నమ్మ ఆ పూట కొట్టు కట్టేసింది. కూతురికిష్టమని వంకాయ కూర వండింది. గుమ్మంలో ఎదురొచ్చి, పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది. ఇన్నాళ్లు దాచిపెట్టుకున్న మాట అప్పుడు అంది.

"తిన్నావేటే?"

చెవి వెనక బిళ్ల గుర్రుమంది. సంచీలో ఫోన్ మోగింది. ఝాన్సీ తీసి చూసింది.

"ఏటది?" అంది ఎర్నమ్మ.

"బోర్డు వాళ్లమ్మా. గీత ఇప్పుడే చాలా ఎత్తుకి పోయిందట. పై చదువుకి కూడా నాకు అర్హత ఉందట."

ఎర్నమ్మ చేతులు కూతురి బుగ్గల మీదనుంచి మెల్లగా దిగిపోయాయి. లోపలికెళ్లి వంకాయ కూర గిన్నె మీద మళ్లీ మూత పెట్టింది.

"అయితే మళ్లీ మీ నాన్న మాట ఫోన్లో అనాలేటే?" అంది చివరికి.

"అక్కర్లేదమ్మా," అంది ఝాన్సీ. "తిన్నావా అని అడుగు చాలు."