అత్తగారి ఊపిరి

ఆగండాగండి, చేతిలో పని కాస్త పక్కన పెట్టి ఇది వినండి.

ఆయన సౌండ్ ఇంజనీర్. ముప్పై ఏళ్లుగా ఎందరివో పాటలు ఆయన చేతుల మీదుగా బయటికెళ్లాయి, ఆయన పేరు మాత్రం ఎక్కడా పడలేదు. స్టూడియోలో అందరూ ‘కత్తెర’ అంటారు. పాటలో గాయకుల దగ్గు, గుటక, ఊపిరి చప్పుడు ఏదీ మిగల్చడు మరి.

అత్తగారు పోయేముందు మంచంమీద పాడిన జోలపాటని ఆయనే రికార్డు చేశాడు. నెలరోజులు కూర్చుని శుభ్రం చేసి, ఆ ఉదయం టీ తాగుతున్న భార్యకి హెడ్‌ఫోన్స్ పెట్టాడు. ఆమె రెండుసార్లు వింది.

“బాగుంది. కానీ మా అమ్మ లేదండీ ఇందులో.”

“గొంతు ఆవిడదేగా.”

“గొంతు ఆవిడదే. రెండో లైను ముందు ఊపిరి తీసేది, చివర్లో సన్నగా ఈలలాగా. అది వినపడ్డాకే నాకు నిద్ర పట్టేది. అదేదీ?”

“నాయిస్ అని... తీసేశా.”

“ఒరిజినల్ ఉంటుందిగా నాన్నా, అందులోంచి పెట్టెయ్,” అంది కూతురు తేలిగ్గా.

ఒరిజినల్ ఉంటే కదా. ఇంట్లోదే కదా అని, శుభ్రం చేసినదాన్ని ఆయన దానిమీదే సేవ్ చేసేశాడు.

“ఊళ్లోవాళ్ల పాటలకి మూడేసి కాపీలు దాస్తారు. మా అమ్మకి ఒక్కటి దాచలేకపోయారా?”

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

భార్యాభర్తలిద్దరూ స్టూడియోకి వెళ్లారు. ఉన్న డిస్కులన్నీ వెతికాడు. మధ్యాహ్నమైంది. “లేదే. నా చేతులతో నేనే...” అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఆమె ఆయన తల నిమిరింది. “కావాలని చేశారా ఏంటి. ఏడవకండి. నాకోసం ఇంకొక్కసారి చూడండి.” అలా అంటూనే సోఫాలో ఒరిగి నిద్రపోయింది.

గది నిశ్శబ్దం. అప్పుడు వినపడింది. ఆమె ఊపిరి, చివర్లో సన్నటి ఈల. అచ్చం అత్తగారిదే.

సోఫా పక్కన మైకు ఆన్‌లోనే ఉంది. ప్రతి ఊపిరికీ తెరమీద పచ్చగీత లేచి పడుతోంది. ఒక్క బటన్ నొక్కితే చాలు, రికార్డయిపోతుంది. పాటలో అతికిస్తే కనిపెట్టగల చెవులు ఆయనవి మాత్రమే. ఆమె బతికినంతకాలం అమ్మనే వింటున్నాననుకుంటుంది.

ఆయన బటన్ మీద వేలు పెట్టాడు. సోఫాలో ఆమె కదిలింది.

“దొరికిందా అండీ?” అని లేవగానే అడుగుతుంది. మీరైతే ఏం చెబుతారు?