ఒట్టిపువ్వులు

బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి ఇంకా దించలేదు, నాలుగో గుమ్మడిపిందె కూడా రాలిపోయి కనిపించింది. పొద్దున్న చూసినప్పుడే పసుపుపచ్చగా అయిపోయి ఉంది. ఇప్పుడు ఇసుకలో పడి ఉంది, మెత్తగా, చివర నల్లగా.

నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. పదేళ్లప్పుడు నాకు ఏం జరిగినా ముందు కోపమే వచ్చేది.

అది మార్చి నెల. ఒంటిపూట బళ్లు పెట్టేశారు. మా ఊరు భావనపాడు, మా నాన్న గంగులు సముద్రం మీద వేటకెళ్లేవాడు. మా పెరడంతా ఇసుకే. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మొక్క పెంచిన పాపాన పోలేదు. "మనకి సముద్రం తెల్సు గాని మట్టి తెల్దే, హేమా" అనేవాడు నాన్న.

ఆ పెరట్లో నా చేత తోట వేయించింది లక్ష్మణమ్మ మామ్మ. చుట్టం కాదు, రెండిళ్ల అవతల ఒక్కతే ఉండేది. తెల్లారకముందే చేపల తట్టతో ఆటో ఎక్కి టెక్కలి వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. ఇదివరకు ఆమె ఇంటి చుట్టూ అన్నీ పాదులేనట. కాలనీ ఇల్లు కట్టాక వాకిలంతా సిమెంటు అయిపోయింది. గుప్పెడు గుమ్మడిగింజలు మాత్రం పాతగుడ్డలో మూటకట్టి దాచుకుంది. జనవరి చివర్లో ఆ మూట తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నాకు సోటు నేదు. నీకున్నాది. ఎయ్యి" అంది.

నాన్న రెండు బస్తాల ఎర్రమట్టి తెచ్చాడు. మామ్మ నా చేత గొయ్యి తవ్వించి, అడుగున చేప తలకాయలు వేయించింది. "లోతుగా పాతు గుంటా, కుక్కలు తవ్వెత్తాయి" అంది. మా వైపు ఆడపిల్లని గుంటా అని పిలుస్తారు, ముద్దుకీ అదే, తిట్టుకీ అదే. పాదు పక్కన బంతినారు నాటాం. నాలుగు వంగమొక్కలు వేశాం. పాత వల ఒకటి దడికి కట్టి దాని మీదికి తీగ ఎక్కించాం. ఇప్పుడు నేనుండేది కొత్తవలసలో. మేడమీద కుండీల్లో నీళ్లు పోసినప్పుడు మట్టివాసన వస్తుంది. ఆ వాసనకి చేపల వాసన కూడా తోడుంటే బాగుండును అనిపిస్తుంది. మా ఆయన ముక్కు మూసుకుంటాడు గానీ, నిజం.

సాయంత్రాలు మామ్మ వచ్చి పాదు దగ్గర కూర్చునేది. "మా యమ్మ ఏసిన పాదు ఇంటికప్పంతా పాకీసేది. ఒక్క తీగకి ఇరవై కాయలు" అని చెప్పేది. అందులో నిజమెంతో, గొప్పెంతో నాకు తెలీదు. ఎన్నిసార్లు చెప్పినా వినాలనిపించేది.

మామ్మకి ఇంకో పని ఉండేది. మా వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకీ ఆమే నీళ్లు పోసేది. గట్టు మీద కూర్చుని కాళ్లు చాపి, బిడ్డని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె మర్దనా చేసి స్నానం చేయించేది. ఆ మార్చిలోనే మా పిన్ని మా ఇంటికి పురిటికొచ్చి కొడుకుని కన్నది. మామ్మ టెక్కలి నుంచి రాగానే సబ్బుతో రెండుసార్లు చేతులు తోముకుని, ఎండలో పెట్టిన నీళ్లతో మా తమ్ముడికి లాల పోసేది. వేరే ఎవరు పోసినా వాడు గుక్కపట్టి ఏడ్చేవాడు.

ఇక గుమ్మడిపాదు. ఉగాది దగ్గర పడేసరికి తీగ నిండా పువ్వులు. కొన్నిటి కింద గోళీకాయంత పిందె ఉండేది. చాలావాటికి అది లేదు, పొడుగాటి కాడ, దాని మీద పువ్వు, అంతే. వాటికి ఒట్టిపువ్వులని నేనే పేరు పెట్టాను.

మా క్లాసు శ్రీలలిత వాళ్ల అమ్మది ఇచ్ఛాపురం అవతల ఒడిశా ఊరు. ఆవిడ గుమ్మడిపువ్వుల్ని బియ్యప్పిండిలో ముంచి వేయించేది. ఆ వేపుడు ఒకసారి తిన్నాక నేను ఊరుకోలేదు. రోజూ పొద్దున్నే లేచి ఒట్టిపువ్వులన్నీ కోసి శ్రీలలితకి ఇచ్చేదాన్ని. మర్నాడు తను డబ్బా నిండా వేపుడు తెచ్చేది. ఆడపిల్లలంతా నా చుట్టూ చేరేవాళ్లు. పిందె ఉన్న పువ్వుని మాత్రం ముట్టుకునేదాన్ని కాదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక సాయంత్రం మామ్మ సంతోషం పట్టలేక, వేలు పెట్టి చూపిస్తూ పిందెల్ని లెక్కపెట్టేసింది.

"ఒకటి, రెండు, మూడు... ఏడున్నాయే. ఎంత ముద్దుగున్నాయో."

పిందెల్ని వేలు చాపి చూపకూడదు, లెక్కపెట్టకూడదు. దిష్టి తగులుతుందంటారు. ఆ మాట నాకు నేర్పింది కూడా మామ్మే.

రెండో రోజు నుంచి పిందెలు రాలడం మొదలైంది.

అందుకే ఆ మధ్యాహ్నం నాలుగో పిందెని గుప్పిట్లో పట్టుకుని తిన్నగా వీధి కుళాయి దగ్గరికి వెళ్లాను. అక్కడ అమ్మతో సహా ఏడెనిమిది మంది ఆడవాళ్లున్నారు. మామ్మ బిందె కింద పెట్టి వంతు కోసం చూస్తోంది.

"ఇదిగో సూడు" అని పిందెని ఆమె కాళ్ల ముందు పడేశాను. "నువ్వే లెక్కెట్టావు. నీ దిష్టి తగిలే రాలిపోతన్నాయి. ఇంక మా పెరట్లోకి రాకు."

అమ్మ నా వీపు మీద ఒక్కటి వేసింది. మామ్మ వంగి ఆ పిందెని తీసుకుని చూసింది.

"అవునేటో. నా కన్ను మంచిది కాదేటో" అంది. బిందె సగం నిండకుండానే ఎత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు మామ్మ మా తమ్ముడికి నీళ్లు పోయడానికి రాలేదు. అమ్మ పిలవడానికి వెళ్లింది, వెనకే నేనూ వెళ్లాను. మామ్మ తలుపు ఓరగా తీసి లోపలి నుంచే మాట్లాడింది.

"నా కంటికి పిందెలే రాలిపోతన్నాయి. పసిగుడ్డుని నేను సూడను, అమ్మా. ఇంకెవరి సేతైనా పోయించు."

ఇంకెవరున్నారు? పిన్నికి చేతులు వణికేవి. అమ్మ పోస్తే వాడు నీలంగా అయ్యేదాకా ఏడ్చేవాడు. రోజూ ఆ ఏడుపు వింటూ నేను అన్నం తినేదాన్ని. అప్పటికీ తప్పు మామ్మదే అనుకుంటూ తిన్నాను. మిగిలిన మూడు పిందెలు కూడా ఆ వారంలోనే రాలాయి. పాదుకి పాత చెప్పు కట్టాను, మసికుండకి సున్నపుబొట్లు పెట్టి వేలాడదీశాను. ఏం లాభం లేదు.

తరవాత సోమవారం మా జగన్నాధం మాస్టారు పువ్వుల పాఠం చెబుతూ, ఎవరింట్లోనైనా గుమ్మడిపువ్వులుంటే తెమ్మన్నారు. ఆయన అడిగితే నేను తగ్గుతానా? మర్నాడు ఆరు పువ్వులు పట్టుకెళ్లాను. మాస్టారు ఒకదాని రేకులు విప్పి, మధ్యలో ఉన్న కాడని వేలితో తాకారు. వేలికి పసుపుపొడి అంటుకుంది.

"ఇది మగపువ్వు. ఇవన్నీ మగపువ్వులే. ఆడపువ్వు తేలేదేమ్మా?"

"దానికి పిందె ఉంటుందండి. అందుకే కొయ్యలేదు."

"మంచిపని చేశావు. మగపువ్వులు పాదుకి ఎన్ని వదిలావు?"

"ఒక్కటీ వదల్లేదండి. రోజూ అన్నీ కోసేస్తాను."

"రోజూనా? అయితే మీ ఇంట్లో గుమ్మడికాయ పులుసు ఈ జన్మలో తినరు" అన్నారు మాస్టారు.

క్లాసంతా నవ్వింది. ఆయన ఆ పొడిని అందరికీ చూపించి చెప్పారు. తేనెటీగ కాళ్లకి ఈ పొడి అంటుకుని ఆడపువ్వులో పడాలి. అలా పడితేనే పిందె నిలుస్తుంది. లేకపోతే నాలుగు రోజులుండి, పసుపుపచ్చగా అయి, రాలిపోతుంది.

నేను నవ్వలేదు. నా చెవుల్లో తమ్ముడి ఏడుపు వినిపించింది.

ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్లకుండా మామ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె సిమెంటు వాకిట్లో ఖాళీ తట్ట కడుగుతోంది. అంతా చెప్పాను. చెప్పడం అయ్యేసరికి ముక్కు కారుతోంది.

"పోన్లే గుంటా. నన్నూరుకోబెట్టడానికి సెప్తన్నావు" అంది మామ్మ. "నా కన్ను సంగతి నాకు తెల్సు. నా కడుపున పుట్టినోల్లిద్దరూ నిలవనేదు."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు.

మామ్మ బిందె తీసుకుని కుళాయికి బయలుదేరింది. కుళాయి దగ్గర్లోనే మా వీధి దాలమ్మత్త తన చంటిదాన్ని ఎత్తుకుని నిలబడి ఉంది. మామ్మని చూడగానే చీర చెంగు లాగి బిడ్డ మొహం కప్పేసింది. మామ్మ తల వంచుకుని గోడవారగా నడిచింది. ఆ చెంగు కప్పించింది నేనే. మామ్మ ఒక్కదానికి చెబితే సరిపోదని అప్పుడు అర్థమైంది.

నేనూ వెనకే వెళ్లి, నీళ్లకొచ్చిన ఆడవాళ్లందరి ముందూ కుళాయి గట్టు ఎక్కి నిలబడ్డాను.

"పిందెలు మామ్మ దిష్టికి రాలలేదు" అన్నాను. "మగపువ్వులన్నీ నేను కోసీసేను. ఏపుడు తిండానికి. అవి నేకపోతే కాయ నిలవదంట. తెలీకండా మామ్మని అనేసేను. తప్పు నాదే."

"ఓలమ్మ, ఇంత గుంటకి మగపువ్వూ ఆడపువ్వూ తెల్సిపోనాది" అని ఎవరో నవ్వారు. నాకు సిగ్గేసింది, అయినా దిగలేదు. దాలమ్మత్త మాత్రం నవ్వలేదు. బిడ్డ మొహం మీది చెంగు తీసింది.

మామ్మ బిందె ఎత్తుకుని నడిచిపోతుంటే వెంటపడ్డాను.

"రేపు రెండు ఆడపువ్వులు ఇప్పుతాయి. పొడి నేనే అద్దుతాను. రోజూ వచ్చి నువ్వు సూడాలి. వేలెట్టి లెక్కెట్టాలి. కాయ నిలబడితే తమ్ముడికి నీళ్లు పొయ్యాలి."

"రాలిపోతే?"



మర్నాడు తెల్లారగట్ల లేచాను. ఒక మగపువ్వు రేకులు తీసేసి, దాని పొడిని రెండు ఆడపువ్వులకీ మెల్లగా అద్దాను. మిగతావాటిని తేనెటీగలకి వదిలేశాను. శ్రీలలిత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి నీళ్లు మోసింది.

సాయంత్రం మామ్మ వచ్చేది గానీ దడి అవతలే నిలబడి నేల చూసేది. "కళ్లెత్తు మామ్మా" అని నేను కేకలేసేదాన్ని. అప్పుడు వేలు కొంచెం చాపి, "ఒకటి... రెండు" అనేది, ఎవరో తిడతారన్నట్టు.

నాలుగో రోజు ఒక పిందె రాలిపోయింది.

"సూసావా?" అంది మామ్మ. అంత చిన్న గొంతు ఆమె దగ్గర నేనెప్పుడూ వినలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దానికి పొడి సరిగా అంటలేదేమోనని వందసార్లు అనుకున్నాను.

రెండోది ఉండిపోయింది. నిమ్మకాయంత అయింది. పదో రోజుకి కొబ్బరికాయంత అయి, వల మీద బరువుగా వేలాడింది. మామ్మ దడి దాటి లోపలికి వచ్చింది. కాయని రెండు చేతులా పట్టుకుని చూసింది. "ఒకటి" అంది. మళ్లీ దడి దాటి వెళ్లిపోయింది.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం మామ్మ మా గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. చేతులు సబ్బు వాసన వేస్తున్నాయి.

"నాకు బయింగున్నాదే" అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి గట్టు మీద కూర్చోబెట్టాను. కాళ్లు చాపమన్నాను. పిన్ని దగ్గరికి వెళ్లి చేతులు చాపాను. పిన్ని ఒక్క క్షణం తమ్ముణ్ణి గట్టిగా పట్టుకుంది. నా మొహం చూసింది. ఇచ్చేసింది. అడుగులో అడుగు వేసుకుంటూ తీసుకెళ్లి వాణ్ణి మామ్మ కాళ్ల మీద పడుకోబెట్టాను.

మామ్మ కళ్లు మూసేసుకుంది.

"కళ్లు తెరు మామ్మా. సూడకుండా పోస్తే సబ్బునీళ్లు ఆడి కళ్లల్లోకి పోతాయి."

తెరిచింది. చాలాసేపు వాణ్ణే చూసింది. తరవాత నూనెగిన్నె దగ్గరికి లాక్కుంది.

"ఎంత బొద్దుగయ్యేడే నా నాయిన" అంది, పైకే.

పసిబిడ్డని అలా పైకి మెచ్చుకుంటే మా వీధిలో ఎవరైనా సరే వెంటనే ఉప్పు తెచ్చి దిష్టి తీస్తారు. అమ్మ వంటింటి వైపు కదల్లేదు. పిన్నీ కదల్లేదు. నేను చెంబు ముంచి, నీళ్లు వేడిగా ఉన్నాయేమోనని మోచేత్తో చూసి, మామ్మకి అందించాను.