ఎనిమిదో తరగతి గోల

"మీ పిల్లల గోలకి నా పాఠం నాకే వినబడటం లేదండీ."

నర్సీపట్నంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో సైన్సు మాస్టారు ధర్మతేజ, పక్క గదిలోని కొత్త లెక్కల టీచరు రోజారమణితో పలికిన తొలి పలుకు అదే.

"గోల కాదండి, లెక్క. మనం సెప్తే వింటారు. పక్కోడికి సెప్పాలంటే నేర్సుకుంటారు."

లోపల పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరికొకరు భిన్నాలు బోధించుకుంటున్నారు. ఏజెన్సీ కొండల్లోని గూడెం నుంచి వచ్చి అంతవరకు నోరు విప్పని కొండలమ్మ, "పనసకాయ నలుగురికి కొయ్యి. నీ వాటా ఏటో సెప్పు" అని బుల్లిబాబును నిలదీస్తోంది.

ధర్మతేజ కళ్ళారా చూశాడు. అహం మాత్రం ఊరుకోలేదు. "ఆవిడకు క్లాసు అదుపులో ఉండదండి" అని ఆ సాయంత్రమే ప్రిన్సిపాలు గారి చెవిన వేశాడు. వేసి, మరచిపోయాడు.

వానాకాలం వచ్చింది. సాయంత్రాలు వరండాలో ఇద్దరూ చిక్కుకునేవారు.

"మాస్టారూ, ఒక్క రోజు పిల్లల చేత సెప్పించండి. జీతం కోసేయర్లెండి."

చెప్పించాడు. చివరి బెంచీ మాట్లాడింది. క్రమంగా, ఆమె గొంతు వినబడని పీరియడు అతనికి వెలితిగా తోచసాగింది. చేతిలో గొడుగున్నా, వాన వెలిసినా, ఆమె వరండా దిగేది కాదు.

దసరా సెలవులకు ముందు రోజారమణిని ఉద్యోగం నుంచి తొలగించారు. క్లాసు అదుపులో లేదట.

ధర్మతేజ పరుగున ప్రిన్సిపాలు గదికి వెళ్ళాడు. "ఆవిడ పద్ధతిలోనే నేనూ చెబుతున్నానండి. నన్ను మెచ్చుకుని ఆవిడను పంపేస్తారా?"

"మీరు చెప్పిన మాటే కదండీ. కొత్తావిడ సెలవుల తర్వాత చేరతారు."

ఆటో స్టాండులో ఆమెను కలుసుకున్నాడు. "మీ క్లాసు అదుపులో ఉండదని ప్రిన్సిపాలు గారితో అన్నది నేనేనండి. మీరంటే నాకు ప్రాణం. రెండూ దాచలేను."

"ఎప్పుడన్నారు?"

"తొలి రోజున."

"అయితే మీ పక్కన కూకుని నవ్వినన్నాళ్ళూ ఆ మాట మన మధ్యనే ఉందన్నమాట."

అతని పశ్చాత్తాపం ఎంత నిజమైనా, జీతం పోయింది ఆమెకే.

ఆమె ఊరు కృష్ణదేవిపేటకు వెళ్ళే షేర్ ఆటో నిండిపోతోంది. రోజారమణి ఎక్కి కూర్చుని, కళ్ళు తుడుచుకుంది.

"నాకూ ఇష్టమేనండి. అందుకే ఇంత బాధ. ఉద్యోగం ఎందుకు పోయిందని మా అమ్మ అడుగుతాది. మీరే వచ్చి సెప్పండి. మిగతా మాట ఆ తర్వాత ఎత్తుదురుగాని."

డ్రైవరు పక్కన, చోటు లేని చోట, ధర్మతేజ ఎక్కాడు. దారి పొడవునా ఆమె అతని వైపు చూడలేదు. అతడు దిగిపోనూ లేదు.