కరెంటు పోయాక కొట్టిన షాకు

"ఫ్యాను నన్ను కరిసింది," అంది లక్ష్మీనరసమ్మ.

మధ్యాహ్నం కరెంటు పోయింది. కళింగపట్నంలో ఆ వేళ ఇసుక మీద కాలు పెట్టలేం. అందుకే ఆమె కొడుకు అప్పలసూరి ఈమధ్యే చవగ్గా ఒక ఇన్వర్టర్ కొన్నాడు. కరెంటు పోయినా దాని మీద ఇనప టేబుల్ ఫ్యాను తిరుగుతూ ఉంటుంది.

చేపల వేట నుంచి వచ్చి పడుకున్న అప్పలసూరి కళ్ళు తెరవలేదు.

"కరెంటే నేదు. షాకెక్కడిదమ్మా?"

"నానూ అదే అంటన్నాను. కరెంటున్నప్పుడు ఊరుకున్నాది. పోయాక కొడతన్నాది. దీనిదేటి బుద్ధి?"

ఆమె ఫ్యాను మెడకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టబోయింది. గబుక్కున చెయ్యి లాక్కుంది.

"సూసావా. దిష్టి కూడా తియ్యనివ్వదు."

అప్పలసూరి లేచి, చెప్పులు తొడుక్కుని వచ్చి ఫ్యాను మీద చెయ్యి వేశాడు. ఏమీ కాలేదు.

"నీకు నిద్దర సాల్నేదమ్మా."

"ఆ రబ్బరు సెప్పులిప్పి ముట్టుకోరా."

విప్పాడు. ముట్టుకున్నాడు. సముద్రంలో అలలకు తొణకని మనిషి మంచం మీద వెనక్కి కూలబడ్డాడు.

"ఇప్పుడు సెప్పు," అంది తల్లి.

అతని కూతురు ఉష పకపకా నవ్వింది. నవ్వుతూ కిటికీ వైపు చూసి ఆగిపోయింది. బయట పచ్చ తీగ. దాని నిండా ఉప్పు చేపలు.

పొద్దున ఇసుక మీద ఆరేసిన చేపలను కుక్కలు ఎత్తుకుపోయాయి. మిగిలినవి వేలాడదీద్దామంటే తాడు దొరకలేదు. ఇన్వర్టర్ నుంచి ఒక పచ్చ తీగ కిటికీలోంచి బయటకు వచ్చి, నేలలో పాతిన ఇనప పైపుకి చుట్టి ఉంది. మట్టిలోకి పోయే తీగకు పనేముంటుంది అనుకుంది ఉష. పైపు నుంచి విప్పి, లాగి, పెరట్లో కర్రకు కట్టేసింది.

చెబితే తిట్లు తప్పవు. కిటికీకి అడ్డంగా జరిగింది.

అంతలో తమ్ముడు కొండబాబు నీళ్ళ తొట్టిలోంచి లేచి వచ్చాడు. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. రోజూ లాగే ఫ్యానుకు మూతి ఆనించి "ఆ ఆ ఆ" అని పాడదామని నేరుగా దాని దగ్గరకు నడిచాడు.

ఉష ఒక్క గెంతు గెంతి ఇన్వర్టర్ స్విచ్ ఆపేసింది. పాట పోయినందుకు వాడు ఏడుపు అందుకున్నాడు.

"ఫ్యానుకి దిష్టి నేదు నాన్నా. ఆ పచ్చ తీగ నానే ఇప్పీసాను."

అప్పలసూరి కిటికీలోంచి చేపలను చూశాడు.

"కట్టడం బాగానే కట్టావు. కానీ అది ఎర్త్ తీగమ్మా. ఈ సవక ఇన్వర్టర్ మీద తిరిగినప్పుడు ఫ్యాను ఇనుములోకి దారి తప్పిన కరెంటు దాన్లోంచి నేలలోకి దిగిపోతాది. అది నేకపోతే ముట్టుకున్నోళ్ళ ఒంట్లోంచి దిగుతాది."

"అంటే ఇందాకట్నుంచీ నన్ను రోడ్డు సేసీసినావేటే, గుంటా?" అంది లక్ష్మీనరసమ్మ.

అప్పలసూరి ప్లగ్గులన్నీ పీకి, తీగను మళ్ళీ పైపుకి బిగించాడు. చేపలు ఇసుక మీదకు వచ్చాయి. ఉష కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది.

సాయంత్రం పక్కింటి తులసి వచ్చింది.

"తీగ మీద సేపలు బలేగున్నాయని మా అమ్మంది. మా ఇంటెనకా పైపుకి అలాటి పచ్చ తీగున్నాది. మా అన్న ఇప్పడానికి ఎల్లాడు."

ఉష కర్ర పడేసి పరిగెత్తింది. కుక్కలు తీరిగ్గా చేపల వైపు నడిచాయి.

"ఒసే, సేపలే," అని కేకేసింది మామ్మ.

ఉష వెనక్కి తిరగలేదు. "ముట్టుకోకు, అన్నా, ముట్టుకోకు" అని అరుస్తూ తులసి వాళ్ళ పెరట్లోకి దూరి, పైపుకి అడ్డంగా నిలబడింది.