రెక్కకు దిష్టిచుక్క

2079 నాటికి బందరు నుంచి లేహ్‌కి విమానమెక్కడమంటే ఆటో ఎక్కినంత తేలిక. గడ్డకట్టే మబ్బుల్లోంచి దూసుకెళ్లినా రెక్కల మీద మంచు పేరుకోదు. అదంతా తామరాకు పూత మహిమ. కంటికి ఆనని ముళ్లు కోట్లకొద్దీ మొలిచినట్టుండే ఆ సూపర్ హైడ్రోఫోబిక్ పొర మీద నీటిచుక్క నిలవదు, గడ్డకట్టేలోపే జారిపోతుంది. ఆ ధీమాతో మంచును పసిగట్టే పాత పరికరాలన్నీ ఊడబెరికేశారు.

కనకరత్నానికి మాత్రం ధీమా లేదు. కూతురు హిమబిందు ఆ రోజే కెప్టెన్‌గా తొలిసారి విమానం నడపబోతోంది. పేరు పెట్టిననాడు ముద్దొచ్చిన మంచు, ఇప్పుడు తలుచుకుంటేనే వణికిస్తోంది.

తొలి ప్రయాణమని ఇంటివాళ్లను విమానం దాకా రానిచ్చారు. "ఎంత నున్నగా మెరుస్తోందే! ఎవరి కళ్లు పడతాయో ఏమో" అంది కనకరత్నం, చేతికందే ఎత్తులో ఉన్న రెక్కను చూసి.

"నీళ్లే అంటవు, దిష్టి అంటుతుందా అమ్మా!" నవ్వుతూ లోపలికెళ్లిపోయింది హిమబిందు.

కనకరత్నం సంచిలోంచి కొబ్బరిచిప్ప తీసింది. బిందు పసిదానిగా ఉన్నప్పుడు దిష్టిచుక్కకని సగ్గుబియ్యం మాడ్చి చేసిన నల్లటి సాదు అడుగున ఇంకా మిగిలి ఉంది. తడివేలితో అద్ది రెక్క అంచున చుక్క పెట్టింది. జారిపోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. గాజుకు వేలాడుతున్న పిన్నీసు విప్పి, బొట్టుబిళ్లంత మేర గీకింది. ఈసారి చుక్క నిలిచింది.

విమానం ఎగిరిపోయాక, పూత కనిపెట్టిన డాక్టర్ రత్నరాజు కంట్రోల్ గదిలో ఆమెను తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

"దిగులెందుకమ్మా? గీత పడితే తప్ప మంచు పట్టదు."

"పడితే?"

"అక్కడే పట్టుకుంటుంది."

ఆమె గాజుకున్న పిన్నీసు విప్పి చూపించింది. "బాబూ, నేనే గీకాను. పిన్నీసుతో. నా బిడ్డని నా చేత్తోనే..."

ఆయన రేడియో అందుకునేలోపే విమానంలోని కంప్యూటర్ గొంతు వినిపించింది: "ఎడమ రెక్క అంచున తెల్లటి మచ్చ. మంచు. తక్కిన రెక్క శుభ్రం."

వెంటనే హిమబిందు గొంతు: "కెమెరాలో చూశాను. ఈ మబ్బు మంచిది కాదు. కిందికి దించుతున్నా."

కనకరత్నం పిన్నీసును గుప్పిట్లో బిగించి పట్టుకుంది. అది గుచ్చుకున్న సంగతి కూడా తెలియలేదు.

"మబ్బు దాటేశాం. అమ్మకు చెప్పండి."

ఆ మబ్బు లెక్కలన్నీ చూశాక రత్నరాజు ఆమెవైపు తిరిగాడు. "ఇంకాసేపు ఆ మబ్బులో ఉంటే అందులోని జల్లుకు పూత ముళ్లే మూసుకుపోయేవమ్మా. రెక్క మొత్తం ఒక్కసారే గడ్డకట్టేది. మీ చుక్క ముందుగా చెప్పింది. దేన్నీ అంటనివ్వని దానికి ముప్పు వచ్చిన సంగతీ తెలీదు. నాకిది తట్టలేదు."

మరుసటి ఏడాది నుంచి ప్రతి రెక్క మీదా బొట్టంత చోటు పూత లేకుండా వదిలేస్తున్నారు. పుస్తకాల్లో దాని పేరు హిమబిందువు. మెకానిక్కులకు మాత్రం దిష్టిచుక్కే.

"డాక్టరుగారితో చెప్పి నీకూ ఆ పూత వేయిస్తానమ్మా" అంది హిమబిందు లేహ్ నుంచి ఫోన్‌లో. "ఇక ఏ భయమూ అంటదు."

"నాకొద్దు తల్లీ. నీ మీద పడబోయే మంచేదో ముందు నా మీదే పట్టనీ" అంది కనకరత్నం. "ఇంతకీ స్వెట్టర్ వేసుకున్నావా?"