తొమ్మిది మంది కోడళ్లు

పొద్దున్నే టీ తాగుతూ, బల్ల మీద కోడలు పరిచిన తొమ్మిది ఫ్యాక్టరీ గుర్తింపు కార్డులను అత్తగారు ఒక్కొక్కటే కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఈ పిల్లెవరే? బొద్దుగా బాగుంది."

"నేనే అత్తయ్యా."

"మరి ఈవిడ?"

"అదీ నేనే."

"ఒక్క కోడలితోనే వేగలేక చస్తుంటే తొమ్మిది మందా?" అంది అత్తగారు. నవ్వబోయి, చివరి ఫొటోలో కోడలి పీక్కుపోయిన ముఖం చూసి కార్డు కింద పెట్టేసింది.

సీసాల ఫ్యాక్టరీలో కోడలిది టెంపరరీ పని. సీసాను వెలుగుకు ఎదురుగా పట్టుకుని పగుళ్లు వెతకాలి. పదకొండు నెలలకోసారి వారం రోజులు మాన్పించి, మళ్లీ కొత్త మనిషిలా చేర్చుకునేవారు. కొత్త ఫొటో, కొత్త నంబరు, మళ్లీ మొదటి జీతం. పాత కార్డు ఎవరూ వెనక్కి అడగలేదు. ఆ మనిషే లేదన్నాక కార్డుతో ఏం పని? ఆ వారంలో బజారులో ఎదురైతే, రోజూ పలకరించే గేటు కాపలాదారు కూడా ఎవరో అన్నట్టు చూసేవాడు. పొగరనుకుంది మొదట్లో. నాలుగో ఏడు అతని కళ్లలోకి చూసి బెదిరిపోయింది. అతనికి నిజంగానే తను తెలియదు.

నిన్న పర్మనెంట్ కాగితం ఇచ్చారు. 'నేను ఇంతకుముందు ఈ ఫ్యాక్టరీలో ఎప్పుడూ పని చేయలేదు' అని ఉంది అందులో. సంతకం పెడితే ఉద్యోగానికి ఢోకా లేదు. జీతం మాత్రం నిన్నగాక మొన్న చేరిన పిల్లతో సమానం. తొమ్మిదేళ్లూ కలిపితే ఒకటిన్నర రెట్లు రావాలి. కాగితం ఇవాళే తిరిగి ఇచ్చేయాలి.

అదే ఫ్యాక్టరీలో పర్మనెంటైన భర్త బూట్లు తొడుక్కుంటూ అడిగాడు. "ఇంకా సంతకం పెట్టలేదా? నోటికాడి ముద్ద కాలదన్నుకోకు."

"పెడితే ఈ తొమ్మిదేళ్లూ నేనెక్కడున్నట్టండీ?"

"ఎక్కడో ఒకచోట. కాగితం అబద్ధమాడినా అన్నం పెడుతుంది."

"కాగితంలో మాట పైకి చదివితే నా గొంతు నాకే పరాయిగా వినపడింది. మీరెలా పెట్టారు?"

అతని చేతులు ఆగిపోయాయి.

"పెట్టాను. పెట్టిన నెలకి దీనికి పరిహారం అడగడానికి వెళ్లాను." కుడి చెయ్యి ఎత్తాడు. చూపుడు వేలు సగమే ఉంది, పెళ్లినాటికే అంత. "టెంపరరీగా ఉన్నప్పుడు బెల్టులో పడింది కదా. ఇక్కడ పని చేయలేదని నువ్వే రాశావు, మరి వేలెక్కడ పోయింది బాబూ అన్నాడు గుమాస్తా, ఎంతో మర్యాదగా. తిరిగొచ్చేశాను. అప్పట్నుంచి నాకే అనుమానం, అసలది జరిగిందా అని."

"ఆసుపత్రిలో నీ చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేనురా," అంది తల్లి. "నాకు తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?" అంది భార్య.

"నువ్వూ నమ్మవేమోనని."

కోడలు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"పదండి. నా తొమ్మిదేళ్లు రాసిస్తేనే సంతకం. మీ ఏళ్లు కూడా అడుగుదాం."

"ఉద్యోగం పోతేనో?"

"పోతే పోనివ్వండి. ఉన్న మనిషికేగా ఉద్యోగం పోయేది."

అతను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, తల్లి చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చాడు.